ఎన్‌ఆర్‌ఎఫ్24 మీద డేటా ఏ రూపంలో పంపాలి: స్ట్రక్టా, అక్షరాలా?

కొత్త_సోల్డర్:
అందరికీ నమస్కారం. ఆరుబయట ఒక ఆర్డునో ఊనో, లోపల ఒక ఈఎస్‌పీ32 ఉన్నాయి, రెండూ చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులే. రెండింటికీ ఎన్‌ఆర్‌ఎఫ్24 రేడియో మాడ్యూళ్లు తగిలించాను. ఊనో నాలుగు విలువలు పంపుతుంది: నోడు (సెన్సర్ పెట్టె) నంబరు, ఉష్ణోగ్రత, తేమ, బ్యాటరీ మిల్లీవోల్టులు. నంబరు, బ్యాటరీ ఇంట్‌లు (పూర్ణ సంఖ్యలు). మిగతా రెండూ ఫ్లోట్‌లు (దశాంశ సంఖ్యలు). నాలుగింటినీ ఒక స్ట్రక్ట్‌లో (విలువలను వరుసగా ఒకచోట ఉంచే సీ భాష అమరికలో) పెట్టి ఉన్నదున్నట్టు పంపిస్తున్నాను. అవతల కూడా ఊనోయే ఉన్నంత కాలం ఏ ఇబ్బందీ లేదు. ఈఎస్‌పీ32 పెట్టినప్పటి నుంచి నోడు నంబరు 7 సరిగ్గా వస్తోంది కానీ ఉష్ణోగ్రత 0.00, తేమ 0.00 అని చూపిస్తోంది. సెన్సర్ మార్చి చూసినా అంతే. స్ట్రక్ట్ మానేసి అక్షరాలుగా పంపమని ఒకరన్నారు, అది దండగ అని ఇంకొకరన్నారు. ఏది వినాలి?

బైటు_లెక్క:
సెన్సర్ బాగానే ఉంది, రేడియో కూడా బాగానే ఉంది. ఊనోలో ఇంట్ అంటే 2 బైట్లు, ఈఎస్‌పీ32లో 4 బైట్లు. కాబట్టి మీ స్ట్రక్ట్ అక్కడ 12 బైట్లు, ఇక్కడ 16. ఉష్ణోగ్రత 28.5, తేమ 61, బ్యాటరీ 3700 అనుకోండి. ఊనో పంపే బైట్లు వరుసగా ఇవి: 7, 0, 0, 0, 228, 65, 0, 0, 116, 66, 116, 14. ఇందులో మొదటి రెండే నోడు నంబరు. ఈఎస్‌పీ32 మాత్రం నోడు నంబరు కోసం నాలుగు తీసుకుంటుంది. ఆ అదనపు రెండూ ఉష్ణోగ్రత తాలూకు బైట్లే, కాకపోతే అవి సున్నాలు. అందుకే 7 చెక్కుచెదరకుండా కనిపించింది. ఆ తర్వాత ఉష్ణోగ్రత కోసం 228, 65, 0, 0 తీసుకుంటుంది. ఫ్లోట్‌గా చదివితే ఆ విలువలో దశాంశ బిందువు తర్వాత నలభై సున్నాలు ఉంటాయి. రెండు స్థానాలకు అచ్చు వేస్తే 0.00 కాక ఇంకేం వస్తుంది?

ఇంట్, ఫ్లోట్ రెండూ వదిలేయండి. నోడు నంబరుకు 1 బైటు. ఉష్ణోగ్రతను వందతో హెచ్చించి 2 బైట్లలో పెట్టండి. తేమను అర శాతం మెట్లలో 1 బైటుగా, బ్యాటరీని 2 బైట్లుగా పంపండి. పై స్థానం బైటు ముందు వచ్చేలా మీరే విడగొట్టి పేర్చండి. అంతా కలిపి 6 బైట్లు: 7, 11, 34, 122, 14, 116.

చిన్న_కెపాసిటర్:
స్ట్రక్ట్‌కు ప్యాక్డ్ అని తగిలించండి, సరిపోతుంది.

బైటు_లెక్క:
సరిపోదు. సభ్యుల మధ్య కంపైలర్ వదిలే ఖాళీలను మాత్రమే ప్యాక్డ్ తీసేస్తుంది. ఈ స్ట్రక్ట్‌లో ఊనో వైపు ఖాళీలు లేవు, ఈఎస్‌పీ32 వైపు అన్నీ 4 బైట్ల సభ్యులే కాబట్టి అక్కడా లేవు. ప్యాక్డ్ పెట్టినా 12, 16 అలాగే ఉంటాయి. నోడు నంబరును 1 బైటు చేసి ఫ్లోట్‌లను అలాగే ఉంచితే ఈఎస్‌పీ32 మధ్యలో 3 బైట్లు ఖాళీ వదులుతుంది. ప్యాక్డ్ అప్పుడు పనికొస్తుంది.

సీరియల్_మానిటర్:
ఇంత వివరణ అవసరం పడిందంటేనే ఆ పద్ధతిలో లోపం ఉన్నట్టు. కొత్త_సోల్డర్ గారూ, మీరు 7,28.50,61.0,3700 అని పంపి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. అది 17 బైట్లు. ఎన్‌ఆర్‌ఎఫ్24 ఒక ప్యాకెట్‌లో 32 దాకా మోస్తుంది. సెకనుకు 1 మెగాబిట్ వేగంలో 17కూ 6కూ తేడా 88 మైక్రోసెకన్లు. ఆ 88 మైక్రోసెకన్లు ఆదా చేసి ఏం చేసుకుంటారు? ఊనో బోర్డు మీద వెలిగే ఎల్‌ఈడీ, వోల్టేజీ రెగ్యులేటరు రాత్రింబవళ్లు తినే కరెంటు ముందు అది లెక్కలోకే రాదు. అక్షరాలైతే వచ్చింది వచ్చినట్టు తెర మీద చదువుకోవచ్చు. సెన్సర్ మార్చాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఏరియల్:
మీరిద్దరూ మాట్లాడుతున్నది ఎన్‌కోడింగ్ గురించే కాదు. గాలిలో బిట్లు ఏ ఆకారంలో వెళ్తాయన్నదే ఎన్‌కోడింగ్. 433 మెగాహెర్ట్జ్ చౌక రిసీవర్లు వచ్చే సంకేతానికి సగటు తీసుకుని, దానికి పైన ఉంటే 1, కింద ఉంటే 0 అని తీర్పు చెబుతాయి. వరుసగా సున్నాలు పంపితే ఆ సగటు కిందికి జారుతుంది, ఆ తర్వాత రొద కూడా 1 లాగే కనిపిస్తుంది. సీరియల్ పోర్టు తీగను తెచ్చి నేరుగా ట్రాన్స్‌మిటర్‌కు కలిపేవాళ్లు ఎందరో. విలువ సున్నా ఉన్న బైటు ఒక్కటి పంపి చూడండి: స్టార్ట్ బిట్‌తో కలిపి వరుసగా తొమ్మిది సున్నాలు. మాంచెస్టర్ అనే లైన్ కోడింగ్ పద్ధతిలో ప్రతి బిట్ మధ్యలోనూ ఒక మార్పు ఉంటుంది కాబట్టి సగటు కదలదు. ఇలాంటి రిసీవర్లకు వాడే రేడియోహెడ్ లైబ్రరీ 4 బిట్లను 6 బిట్లుగా మారుస్తుంది. ఆరింటిలో మూడు ఒకట్లు, మూడు సున్నాలు ఉండే కూర్పులు సరిగ్గా 20. 4 బిట్లకు కావలసింది 16. ఇది తేల్చకుండా స్ట్రక్ట్ అంటే ఏమిటి, అక్షరాలంటే ఏమిటి?

బైటు_లెక్క:
అడిగింది ఎన్‌ఆర్‌ఎఫ్24 గురించి. మాడ్యులేషన్, ప్రియాంబుల్ (ప్యాకెట్ ముందు వచ్చే సంకేతం), సీఆర్‌సీ (బైట్లు చెడితే పట్టించే సంఖ్య), అందిందన్న జవాబు, అందకపోతే మళ్లీ పంపడం అన్నీ ఆ చిప్ లోపలే జరుగుతాయి. అక్కడ మాంచెస్టర్‌తో పనేముంది?

ఏరియల్:
ఈ చర్చ చదివే ప్రతివారి దగ్గరా ఎన్‌ఆర్‌ఎఫ్24 ఉండదు. ఇంకో మాట. మాంచెస్టర్‌లో ఒకదానికొకటి ఎదురైన రెండు సంప్రదాయాలున్నాయి. ఒకదానిలో పైకి లేచే అంచు 1, రెండోదానిలో అదే 0. పంపేవాడు ఒకటి, అందుకునేవాడు ఇంకొకటి పట్టుకుంటే ప్రతి బిట్టూ తలకిందులవుతుంది. దీన్ని ఎవరూ రాసిపెట్టరు.

రాత్రి_డ్యూటీ:
లోరా (చాలా దూరం వెళ్లే నెమ్మది రేడియో) వాడేవాళ్ల కోసం లెక్క వేశాను. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 12, బ్యాండ్‌విడ్త్ 125 కిలోహెర్ట్జ్, కోడింగ్ రేటు 4/5 అయితే 6 బైట్ల ప్యాకెట్ గాలిలో 0.99 సెకను ఉంటుంది. 17 బైట్లకు 1.32, 32 బైట్లకు 1.81.

సీరియల్_మానిటర్:
చూశారా, 6కూ 32కూ అయిదు రెట్లకు పైగా తేడా ఉన్నా సమయం రెట్టింపు కూడా కాలేదు. ప్రియాంబుల్‌కే 0.4 సెకను పోతుంది.

బైటు_లెక్క:
చూశాను. ప్రతి ప్యాకెట్‌కూ 0.8 సెకను అదనంగా గాలిని ఆక్రమిస్తున్నారు. ఆ సమయమంతా ట్రాన్స్‌మిటర్ పూర్తి శక్తితో పనిచేస్తూ ఉంటుంది, పక్క నోడు మాట్లాడితే రెండూ ఢీకొంటాయి. అక్షరాలంటే చివరికి అందరూ జేసన్ (ప్రతి విలువకూ పేరు జతచేసి రాసే అక్షర రూపం) దగ్గరికే చేరతారు. పేర్లను ఒక్కో అక్షరానికి కుదించి ఈ నాలుగు విలువలనే జేసన్‌లో రాస్తే సరిగ్గా 32 బైట్లు. నోడు నంబరు 9 దాకా అంతా సవ్యంగా నడుస్తుంది. పదో నోడు రాగానే 33 అవుతుంది, లైబ్రరీ చివరి బైటును నిశ్శబ్దంగా కోసేస్తుంది, మూసే బ్రాకెట్ పోతుంది. ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగి -10.5 అయినా అంతే. ఎండాకాలంలో పరీక్షించి బిగించినది చలికాలంలో మూగబోతుంది.

సీరియల్_మానిటర్:
నేను జేసన్ అనలేదు, కామాలు అన్నాను. మీ 6 బైట్లలో ఇదే ప్రమాదం లేదా? -5 డిగ్రీలంటే -500, అంటే 254, 12 అనే రెండు బైట్లు. ఈఎస్‌పీ32లో వాటిని ఇంట్‌లో కలిపితే 65036 వస్తుంది, అంటే 650.36 డిగ్రీలు. అదే కోడ్ ఊనోలో -500 ఇస్తుంది. 16 బిట్ల గుర్తున్న సంఖ్యగా మార్చాలని మీ జవాబులో ఒక్క ముక్క లేదు. కామాల పద్ధతిలో మైనస్ గుర్తు మైనస్ గుర్తుగానే కనిపిస్తుంది.

బైటు_లెక్క:
ప్రతి జవాబులోనూ సీ భాష మొత్తం నేర్పలేను కదా.

సీరియల్_మానిటర్:
నేర్పకపోయినా ఫరవాలేదు, దాచిపెట్టకండి చాలు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వినండి. మా బృందంలో నాకంటే ముందున్న ఒకాయన సెన్సర్ల గొలుసు ఒకటి కట్టి, పని వదిలి వెళ్లిపోయాడు. అన్నీ మీరు చెప్పినట్టే పిసినారి ప్యాకెట్లు. ఏ బైటు ఏమిటో చెప్పే హెడర్ ఫైలు ఆయన కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. నా చేతికి వచ్చినవి బైట్ల వరుసలు మాత్రమే. ఐస్ ముక్కను సెన్సర్‌కు ఆనించి ఏ బైటు తగ్గుతుందో చూసి, నోటితో ఊది ఏది పెరుగుతుందో చూసి, ఒక్కొక్క స్థానం అర్థం కనుక్కోవలసి వచ్చింది. ఒక బైటు ఏమిటో ఇప్పటికీ తెలియదు. పొదుపు చేసినవాడికి మెచ్చుకోళ్లు, చదవలేక చచ్చినవాడికి చాకిరీ.

బైటు_లెక్క:
అయితే నాదీ వినండి. మొక్కల తొట్లకు నీరు పెట్టే ఏర్పాటు ఒకటి నాకు అప్పగించారు, కోడ్ వేరేవాళ్లది. అంతా మీకిష్టమైన కామాలే, 433 మాడ్యూళ్ల మీద, సీఆర్‌సీ లేకుండా. ఒక అంకె గాలిలో చెడి అక్షరంగా మారింది. అక్షరాలను సంఖ్యగా మార్చే అటోయ్ ఫంక్షన్‌కు అంకె కానిది ఇస్తే సున్నా ఇస్తుంది, తప్పు జరిగిందని చెప్పదు. తేమ సున్నా అంటే మట్టి ఎండిపోయిందని అర్థం చేసుకుని పంపు మొదలైంది. తెల్లవారేసరికి తొట్లన్నీ పొంగి మట్టి కొట్టుకుపోయింది. కంటితో చదవగలిగే డేటాయే. ఆ రాత్రి చదవడానికి కళ్లు ఎవరివి?

ఏరియల్:
433 మీద సీఆర్‌సీ లేకపోవడం ఒకటే కాదు, లైన్ కోడింగ్ కూడా లేకపోయి ఉంటుంది. నేను చెప్పింది అదే.

బైటు_లెక్క:
ఏరియల్ గారూ, దయచేసి ఒక్క నిమిషం ఆగండి.

చిన్న_కెపాసిటర్:
అది అక్షరాల తప్పు కాదు, సీఆర్‌సీ లేకపోవడం తప్పు. 2 బైట్ల సీఆర్‌సీని రెండు పద్ధతులకూ చేర్చవచ్చు. బైట్లన్నీ కూడి పెట్టే చెక్‌సమ్ మాత్రం వద్దు, రెండు బైట్లు తారుమారైనా మొత్తం మారదు.

సీరియల్_మానిటర్:
అదే నేనూ అంటున్నది. ఆయన తన తొట్ల కోపాన్ని కామాల మీద చూపిస్తున్నారు.

బైటు_లెక్క:
మీరు మీ పాత సహోద్యోగి మీది కోపాన్ని నా 6 బైట్ల మీద చూపిస్తున్నారు. ఆయన హెడర్ ఫైలు పంచుకోలేదు. కామాలు వాడినా ఆయన పంచుకునేవాడు కాదు. 7,28.50,61.0,3700 అనే వరుస ఆయన వదిలి వెళ్లాడనుకోండి. 61.0 తేమా, వెలుతురు శాతమా, ట్యాంకులో నీటి మట్టమా? మీరు మళ్లీ ఐస్ ముక్క తెచ్చుకోవాల్సిందే.

సీరియల్_మానిటర్:
తెచ్చుకోవాలి. కానీ ఎక్కడ ఒక విలువ ముగిసి ఇంకొకటి మొదలవుతుందో నాకు తెలిసి ఉండేది, సగం పని తగ్గేది. మీరు ఒప్పుకోని మాట ఇది: ప్యాకెట్ ఆకారం ఇద్దరు చిప్‌ల మధ్య రహస్య ఒప్పందం అని మీరనుకుంటున్నారు. నా దృష్టిలో అది రేపు ఆ పెట్టె మూత తెరిచే మనిషికి రాసే ఉత్తరం. కాగితాలు పోతాయి, ఫైళ్లు పోతాయి, గాలిలో వచ్చేది మాత్రం వస్తూనే ఉంటుంది. అర్థం అందులోనే ఉండాలి.

బైటు_లెక్క:
అక్కడే నేను మీతో విభేదిస్తాను. అర్థం ప్యాకెట్‌లో ఉండకూడదు. బ్యాటరీతో నడిచే నోడు ప్రతిసారీ తన పేరూ ఊరూ చెప్పుకుంటూ కూర్చోలేదు. అర్థం ఒకచోట రాసి ఉండాలి, కోడ్ ఉన్నచోటే ఉండాలి, కోడ్‌తో పాటు మారాలి. రాయనివాడి కోసం గాలిని నింపను.

సీరియల్_మానిటర్:
రాయనివాళ్లే ఎక్కువ. నేను వాళ్ల తర్వాత వచ్చేవాడిని.

కొత్త_సోల్డర్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. వచ్చే నెలలో ఇంకొన్ని నోడ్లు పెడతాను, వాటిలో గాలి పీడనం కూడా ఉంటుంది. పైకప్పు మీద ఉన్నవాటిని దింపి కోడ్ మార్చడం కుదరదు. పాతవీ కొత్తవీ కలిసి మాట్లాడతాయి. అప్పుడు 6 బైట్ల పద్ధతి నిలుస్తుందా?

బైటు_లెక్క:
ఉన్నది ఉన్నట్టుగా అయితే నిలవదు. మొదటి బైటుగా ఫార్మాట్ సంఖ్య పెట్టండి. 1 అంటే ఇప్పటి అమరిక, 2 అంటే పీడనం చేర్చినది. పీడనాన్ని హెక్టోపాస్కల్‌లో పదో వంతు దాకా 2 బైట్లలో పెట్టవచ్చు, 1013.2 అయితే 10132. ఈఎస్‌పీ32 మొదటి బైటు చూసి, తనకు తెలియని సంఖ్య అయితే ప్యాకెట్‌ను పక్కన పెట్టాలి, ఊహించకూడదు.

సీరియల్_మానిటర్:
కామాలైతే చివర ఇంకొకటి చేర్చడమే, పాతవి అలాగే నడుస్తాయి. ఫార్మాట్ సంఖ్య మంచిదే, కాదనను. కానీ 2 అంటే ఏమిటో ఎక్కడ ఉంటుందన్న ప్రశ్న మళ్లీ అక్కడే ఉంది.

రాత్రి_డ్యూటీ:
రిసీవర్ కోడ్ పక్కన పరీక్ష ఫైలు ఒకటి పెట్టండి. ఈ బైట్లు ఇస్తే ఈ విలువలు రావాలని అందులో రాయండి. -5 డిగ్రీల వరుస తప్పకుండా ఉండాలి. కంపైల్ చేసిన ప్రతిసారీ అది నడిస్తే పాతబడదు. అదే పత్రం.

కొత్త_సోల్డర్:
పైన చెప్పినట్టు మార్చాను. ఇప్పుడు ఊనో 1, 7, 11, 34, 122, 14, 116 పంపుతోంది. ఈఎస్‌పీ32 దాన్ని విప్పి, పేర్లతో సహా అక్షరాలుగా సీరియల్‌లో రాస్తోంది. 28.50 వచ్చింది. పరీక్ష ఫైలు కోడ్ ఫోల్డర్‌లోనే ఉంది, -5 వరుస కూడా చేర్చాను.

సీరియల్_మానిటర్:
ఆ ఫోల్డర్ నకలు ఒకటి మీ కంప్యూటర్ బయట కూడా ఉంచండి. అమరికను చిన్న కాగితం మీద రాసి పెట్టె మూత లోపలివైపు అతికించండి. ఇది బైటు_లెక్క గారికి నచ్చకపోవచ్చు.

బైటు_లెక్క:
కాగితానికి నాకు అభ్యంతరం లేదు. దాని మీద ఫార్మాట్ సంఖ్య కూడా రాయండి, లేకపోతే రెండో రకం నోడ్లు వచ్చాక అదే అబద్ధమవుతుంది.

ఏరియల్:
433 వాడేవాళ్ల కోసం వేరే చర్చ మొదలుపెడుతున్నాను. మాంచెస్టర్ సంప్రదాయం ఏదో మొదటి వాక్యంలోనే రాసి రండి.