డయానా వ్రీలాండ్ అనే ఎడిటర్‌ను అమెరికా ఫ్యాషన్ పత్రిక వోగ్ నుంచి తీసేసుడు కరెక్టేనా? మీరేమంటరు

హన్మకొండ_బొటిక్:
నా లెక్కల అయితే కరెక్టే. ఫ్యాషన్ ఎడిటర్లు అనంగనే అందరు డయానా వ్రీలాండ్‌ను దేవతను చేస్తున్నరు కాబట్టి అడుగుతున్న. 1903ల పారిస్‌ల పుట్టింది, ఉన్నోళ్ల ఇల్లు, న్యూయార్క్‌ల ఒక హోటల్ల డ్యాన్స్ చేస్తుంటే ఆమె ఏసుకున్న షనెల్ డ్రెస్సు చూసి హార్పర్స్ బజార్ అనే ఫ్యాషన్ పత్రిక ఎడిటర్ కార్మెల్ స్నో పిలిచి ఉద్యోగం ఇచ్చింది. 1936ల రాసిన కాలమ్ ఏంది? మీ పిల్లల జుట్టు బంగారు రంగు తగ్గకుండ ఉండాల్నంటే మిగిలిపోయిన షాంపేన్‌తోని కడగరాదా అని! అమెరికాల జనం పనుల్లేక తిప్పలు పడుతున్న రోజులవి. తర్వాత 1963ల వోగ్ ఎడిటర్ ఇన్ చీఫ్ అయ్యింది, 1966ల వెరూష్కా అనే మోడల్‌ను, ఫోటోగ్రాఫర్ అవడాన్‌ను జపాన్ మంచుల్లకు పంపి బొచ్చు కోట్లు ఏయించి 26 పేజీలు నింపింది. గా కోట్లు కొనేదెవరు? యాడ్స్ పడిపోయినయి, 1971ల ఓనర్లు తీసేసిండ్రు. షాపు నడిపేటోళ్లకు ఇది అర్థమైతది.

కొత్తవాడ_మగ్గం:
అక్కా మీరు షాపు దిక్కుకెళ్లి చూస్తున్నరు, నేను మగ్గం దిక్కుకెళ్లి చెప్త. జంపఖానాలు నేసే ఇంట్ల పుట్టినోణ్ణి. ఆర్డర్ ఇచ్చేటాయన పోయినేడు ఏది అమ్ముడువోయిందో మల్ల గదే అడుగుతడు, ఎర్రది నీలిది, ఎర్రది నీలిది. నాయిన కొత్త రంగు అద్దించి ఒక పీసు నేసి చూపిస్తే ఇది నడవదు అంటడు, అరే ఎవ్వలకు చూపించకుండనే నడవదని ఎట్ల తెలిసింది నీకు? వ్రీలాండ్ చేసిన పని గదే, జనం అడగని దాన్ని ముందుగాల చూపించుడు. 1943 మార్చి బజార్ కవర్ మీద పేరు తెల్వని ఒక పిల్లను పెట్టింది, ఆ కవర్ చూసే హాలీవుడ్ పిలిచింది, ఆ పిల్లనే లారెన్ బకాల్. ట్విగ్గీ అసొంటి సన్నటి పిల్లలను, అందం కొలతలకు సరిపోని ముక్కులు మొకాలున్నోళ్లను అమెరికా వోగ్ పేజీల నిలబెట్టింది కూడ ఆమెనే. గులాబీ రంగు ఇండియాకు నేవీ బ్లూ అసొంటిది, అంటే అక్కడ నేవీ బ్లూ ఎట్లనో ఇక్కడ గులాబీ గట్ల, అని ఆమె అన్న మాట ఇప్పటికీ తిరుగుతనే ఉన్నది, మన పెళ్లిళ్ల చీరలు చూస్తే ఒప్పుకోక తప్పదు 😄

కేయూ_ఎకనామిక్స్:
సెంటిమెంట్ పక్కన పెట్టి నంబర్లు చూడండి అన్నా. ఆమె తర్వాత వచ్చింది గ్రేస్ మిరబెల్లా, వ్రీలాండ్ కిందనే పనిచేసినామె. వ్రీలాండ్ ఆఫీసు గోడలు ఎర్రగా ఉంటే ఈమె బీజ్ అంటే లేత గోధుమ రంగు వేయించింది, అక్కడే తేడా అర్థమవుతుంది. పొద్దున లేచి ఉద్యోగానికి పోయే ఆడవాళ్లకు పనికొచ్చే బట్టలు, హెల్త్ మీద వ్యాసాలు పెట్టింది. సర్క్యులేషన్ దాదాపు 4 లక్షల నుంచి 12 లక్షలకు పోయింది. మూడు రెట్లు! కలలు కనే ఎడిటర్ కంటే చదివేవాళ్ల జీతం ఎంతో తెలిసిన ఎడిటర్ మేలు కదా.

జగిత్యాల_పిల్ల:
తమ్మీ, నంబర్లే లెక్కయితే మరి 1988ల ఆ మిరబెల్లాను ఎందుకు తీసేసిండ్రో చెప్పు. 12 లక్షలు తెచ్చినామెకు ఉద్యోగం పోయిన ముచ్చట టీవీల వచ్చేదాక తెల్వదు! 1985ల ఎల్ పత్రిక అమెరికాల దిగి జోరు మీదున్నది, ఓనర్లకు భయమైంది, అన్నా వింటూర్‌ను కూసోపెట్టిండ్రు. మరి వింటూర్ మొదటి కవర్ ఏంది? లాక్రువా అనే డిజైనర్ చేసిన పదివేల డాలర్ల జాకెట్ కింద మామూలు జీన్స్. అడగనిదాన్ని చూపించుడే కదా ఇది, వ్రీలాండ్ దారే. అంటే పద్ధతి తప్పని కాదు తీసేసింది, లాభం తగ్గిన ఏడు ఎవరు కుర్చీల ఉంటే వాళ్లు పోయిండ్రు. ఇంకోటి, ఉన్నోళ్ల బిడ్డ అని అంటున్నరు గానీ బజార్‌ల ఏడాదికి 18 వేల డాలర్ల జీతంతోని మొదలైతే 1959ల ఒక్క వెయ్యి పెంచిండ్రట, అన్నేండ్లకు! ఆడోళ్ల పత్రికల ఆడ ఎడిటర్‌కు గిది పరిస్థితి, దీని గురించి ఎవ్వరు మాట్లాడరు.

హన్మకొండ_బొటిక్:
జీతం సంగతి అన్యాయమే, దాన్ని కాదంటలేను. కానీ తీసేసినంక ఏమైంది చూడండి, 1972ల న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంల బట్టల విభాగం, కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్‌కు పోయింది, బాలెన్సియాగ అనే డిజైనర్ బట్టల షో, హాలీవుడ్ బట్టల షో, 1983ల అప్పటికి బతికే ఉన్న డిజైనర్ సాన్ లోరాన్‌కు షో, జనం ఎగబడ్డరు. అంటే ఆమె చెయ్యి తిరిగింది చూపించుడులనే, అమ్ముడుల కాదు. పత్రిక అంటే అమ్ముడు. ఆమెను మ్యూజియంకు పంపిన ఓనర్లు తెల్వకనే మంచి పని చేసిండ్రు అంట నేను.

కొత్తవాడ_మగ్గం:
గదే మ్యూజియంల 1985ల రాయల్ ఇండియా బట్టల షో పెట్టింది కదక్కా, రాజుల అంగీలు, రాణుల గాగ్రాలు. ఆ షో మీద నాకు కోపమే ఉన్నది, ఆమె కన్ను ఎప్పుడు తొడుక్కున్నోళ్ల మీదనే, నేసినోళ్ల దిక్కు పోలే. మీరు ఆమెను తిట్టాల్నంటే గిక్కడ తిట్టుండ్రి, నేను కూడ కలుస్త. బొచ్చు కోట్ల ఖర్చుకు తిడితే మాత్రం ఒప్పుకోను, 26 పేజీల ఒక్క కోటు అమ్ముడుపోకపోయినా ఆ ఫోటోలు చూసి ఎంతమంది పిల్లలు ఫ్యాషన్ ఫోటోగ్రఫీల దిగిండ్రో ఆ లెక్క ఏ ఓనర్ పుస్తకంల రాసుకోలే.

కేయూ_ఎకనామిక్స్:
రాయలేని లెక్కకు జీతాలు ఎవరిస్తారన్నా 🙂

జగిత్యాల_పిల్ల:
మిరబెల్లాకు రాసిన లెక్క ఉన్నది కదా తమ్మీ, ఆమెకు ఇచ్చిండ్రా?