కేఐ-67 22 శాతం అంటే తిరగబెట్టే అవకాశం 22 శాతమా?

చిన్నచెల్లి:
మా అక్కకి 46 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యి రెండు వారాలు. గడ్డ 1.8 సెంటీమీటర్లు. చంకలో 14 నోడ్స్ (లింఫ్ గ్రంథులు) తీశారు, ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదు. రిపోర్టులో హార్మోన్ గుర్తులు ఈఆర్ 8/8, పీఆర్ 3/8, హెర్2 2+, కేఐ-67 22 శాతం. బావగారు ఆ చివరి అంకె పట్టుకుని నిద్ర మానేశారు. నూటికి 22 మందికి తిరగబెడుతుందనా దానర్థం? డాక్టర్ దగ్గరికి సోమవారం వెళ్లాలి. అప్పటిదాకా ఈ టెన్షన్ తట్టుకోలేం.

ల్యాబ్‌మనిషి:
కాదండీ, బావగారిని పడుకోమనండి. నేను పాథాలజీ ల్యాబ్‌లో స్లైడ్లకి రంగు వేస్తాను. కేఐ-67 విభజనకు సిద్ధపడ్డ కణాల్లో కనిపించే ప్రొటీన్. నూరు క్యాన్సర్ కణాల్లో 22 గోధుమరంగు తేలాయి, అంతే. ఒకే స్లైడుని ఇద్దరు లెక్కపెడితే ఒకరికి 18, ఇంకొకరికి 25 వచ్చిన రోజులు నాకు తెలుసు. 5 లోపు, 30 పైన ఉంటేనే ఆ అంకె మీద గట్టి నమ్మకం. మీది మధ్యలో ఉంది.

నేనైతే హెర్2 గురించి అడుగుతాను, అది కణాన్ని పెరగమని చెప్పే ప్రొటీన్. 2+ అంటే ఎటూ తేలలేదని. ఫిష్ టెస్టుకి పంపారా? అందులో హెర్2 జీన్ కాపీలు లెక్కపెడతారు. ఒకప్పుడు హెర్2 పాజిటివ్ అంటే చెడ్డ కబురే. 1998లో హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ మందు వచ్చాక, హెర్2 ఫలితాన్ని బట్టే మందు ఎంచుతున్నారు.

ఆకాశమల్లి:
నాది కూడా ఈఆర్ పాజిటివే, తొమ్మిదేళ్లయింది. ఈ రకం క్యాన్సర్ హార్మోన్‌ని అడ్డుకునే మాత్రలకి బాగా లొంగుతుంది, కానీ ఐదేళ్లు దాటితే గండం గడిచినట్టు కాదు. 2017లో దాదాపు 63 వేల మంది వివరాలు కలిపి చూశారు, అందరూ ఐదేళ్లు మాత్రలు వాడి ఆపినవాళ్లే. మీ అక్కలాగా చిన్న గడ్డ, శుభ్రమైన నోడ్స్ ఉన్నవాళ్లలోనూ ఆ తర్వాతి పదిహేనేళ్లలో సుమారు 13 శాతం మందికి వేరే అవయవాలకు పాకింది. పాత వైద్యం రోజులవాళ్లు కూడా అందులో ఉన్నారనుకోండి. భయపెట్టడానికి కాదు, మాత్ర మానకూడదని చెప్పడానికి. ఒళ్లంతా ఆవిర్లు భరించలేక నేను ఒక నెల ఎవరికీ చెప్పకుండా మానేశాను. తర్వాత డాక్టర్‌తో చెప్తే, ఆవిర్లకి వేరే మందిచ్చారు. ముందే అడగాల్సింది.

చిన్నచెల్లి:
సోమవారం వెళ్లొచ్చాం. ఫిష్ నెగటివ్, అంటే హెర్2 జీన్ కాపీలు పెరగలేదు. కీమో అవసరమా లేదా అన్నది గడ్డలోని 21 జీన్ల పరీక్ష చూసి చెప్తామన్నారు. మూడు నెలలకోసారి రక్తంలో సీఏ 15-3 అనే క్యాన్సర్ గుర్తు చూసుకోమని ఎవరో చెప్పారంటే, ఇబ్బందేమీ లేనివాళ్లకి అక్కర్లేదన్నారు.

హార్మోన్‌ని అడ్డుకునే మాత్ర టామాక్సిఫెన్ రాయబోతూ వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగారు. అక్క డిప్రెషన్‌కి పారాక్సెటిన్ వేసుకుంటోందని ఫైల్లో ఎక్కడా లేదు, బావగారికీ తెలీదు. అది టామాక్సిఫెన్‌ని సరిగా పనిచేయనివ్వదట. డిప్రెషన్ మందు మార్చారు. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు.