చెల్లి'యొ'నా, చెల్లి'యో'నా?

హంద్రీ ఒడ్డు: చాలా ఏళ్ళుగా బుర్రలో తిరుగుతున్న సందేహం. మా కర్నూలు పక్క ఒక ఊరి తిరునాళ్ళలో పాండవోద్యోగం నాటకం పెట్టించారు. రాయబారం కృష్ణుడికి పొద్దుగూకేసరికి గొంతు పట్టేసింది. మిరియాల కషాయం తాగించారు, పసుపునీళ్ళు పుక్కిలించమన్నారు. మాట గాలిగా వస్తోంది గానీ పద్యం లేవడం లేదు. కాంట్రాక్టరు ఫోన్ల మీద ఫోన్లు చేస్తే, రాత్రి పదకొండు దాటాక మోటారుసైకిల్ వెనక కూర్చుని ఒకాయన దిగాడు, తలకు తువ్వాలు చుట్టుకుని. కిరీటం వదులైతే అదే తువ్వాలు మడిచి లోపల కుక్కారు. హార్మోనిస్టుతో "ఒక మెట్టు దించు" అన్నాడు. రిహార్సల్ అంతే.

ఆయన 'చెల్లియొ చెల్లకో తమకు జేసిన యెగ్గులు సైచిరందరున్' అని ఎత్తుకుని, 'యొ' దగ్గర నిలవకుండా చిటికేసినట్టు దాటేశాడు. 'కో' దగ్గర మాత్రం కొండెక్కాడు. ముందు వరసలోంచి "అదేంది సామీ, మొదట్లోనే తెంపేస్తివి!" అని అరుపు. దమ్ము చాలక కురచ చేశాడా, అసలు పాఠమే అదా? ఇంకోటి, ఆ 'చెల్లి' ఎవరికి అన్వయం?

పొద్దుటూరు పంతులు: ఉత్పలమాల కదా సార్. మొదటిది భగణం, ఒక గురువు, రెండు లఘువులు. యో అన్నారంటే చివరిది గురువై, రగణమై కూర్చుంటుంది. ఆయన పాడిందే ఒప్పు.

తాడిపత్రి అన్న: గణాలు కాగితం మీద పంతులూ. రాత్రి పన్నెండుకి నిద్రపోతున్న జనాన్ని లేపాల్సింది రాగం. 'యో' లాగకపోతే ఒన్స్‌మోర్ ఎట్లా వస్తుంది? మా ఊళ్ళో 1880లో పుట్టిన నటుడు బళ్ళారి రాఘవ...

ఆదోని అత్త: వచ్చేశాడు రాఘవ దగ్గరికి! ఉప్పు ధర అడిగినా అక్కడికే వస్తావు నాయనా.

నేనైతే ఏడో తరగతి దాకా అది ద్రౌపదిని "చెల్లీ" అని పిలవడమే అనుకున్నా. అన్న కదా మరి.

పొద్దుటూరు పంతులు: అత్తా, ఆమె ఆ సభలో లేదు. 'చెల్లి' అంటే శక్తి ఉండి, 'చెల్లక' అంటే లేక. చేతనై ఊరుకున్నారో, చేతకాక ఊరుకున్నారో, మొత్తానికి ఎగ్గులు, అంటే కీడులు, సహించారు అని.

గండికోట: అంత తేలిగ్గా ఒప్పుకోను. నోటు చెల్లదు అంటాం, "ఇది నీకు చెల్లునా" అంటాం. తగునో తగదో అని ఎందుకు కాకూడదు? కృష్ణుడు ఎదుటివాడి సభలో నిలబడి "మావాళ్ళు చేతకానివాళ్ళేమో" అంటాడా?

పొద్దుటూరు పంతులు: క్త్వార్థానికీ, అంటే 'చెల్లి' లాంటి 'చేసి, వచ్చి' రూపానికీ, వాక్యం ముగించే సమాపక క్రియకూ కర్త ఒకడే ఉండాలి. సైచింది పాండవులు, కాబట్టి చెల్లినదీ వాళ్ళకే.

గండికోట: "వాన కురిసి పంట పండింది." కర్త ఒకడేనా?

(పంతులుగారు రెండు గంటలు కనిపించలేదు.)

హంద్రీ ఒడ్డు: నేను యొ గురించి కదా అడిగింది.

ఆదోని అత్త: దాని మీద నాదొక సిద్ధాంతం. పద్యంలో ప్రశ్నార్థక ఓలు నాలుగు: చెల్లియొ, చెల్లకో, సేసెదో, కూర్చెదవొ. రెండు పొట్టి, రెండు పొడుగు. చేతనైంది అన్నచోట పొట్టి, చేతకాలేదేమో అన్నచోట సాగదీత. సంధి అన్నచోట అవకాశమిచ్చి ఆగాడు, యుద్ధం అన్నచోట తొందరగా తేల్చాడు. తిరుపతి వేంకట కవులు ఊరికే పెట్టారా?

పొద్దుటూరు పంతులు: ఛందస్సుకు సరిపోయింది పెట్టారు. కవిత్వం అత్తయ్య చేస్తోంది.

తాడిపత్రి అన్న: అన్నట్టు నాలుగో పాదం "వెళ్ళి రణంబె" కదా? మా పక్క అందరూ అట్లే పాడతారు.

పొద్దుటూరు పంతులు: రామ రామ. 'ఎల్లి రణంబె కూర్చెదవొ యేర్పడ జెప్పుము' అని పాదం. ఎల్లి అంటే రేపు అని అర్థం. లకీ ళకీ ప్రాస సర్దుకుంటుందని మీరంటారు, తెలుసు. మరి యతి? ఎ-కి ఏర్పడలో ఏ కుదురుతుంది. వె పెడితే గాల్లో వేలాడుతుంది.

అనంతపురం ఎండ: నాకు ఆ తువ్వాలు మనిషి మీదే మనసు పోతోంది. మా అమ్మాయి జర్మనీలో ఉంటుంది, ఒపెరాలకు, అంటే వాళ్ళ పాటల నాటకాలకు, పోతుంది. గాయకుడికి నలత చేస్తే, ఆఖరి గంటలో వచ్చి పాడేవాడికి అక్కడ ఒక పేరే ఉందట, 'ఐన్‌ష్ప్రింగర్', లోపలికి దూకేవాడు అని. ఒక్కోసారి వేషం, నడక తెలిసే వ్యవధి లేకపోతే కొత్తాయన స్టేజీ పక్కన నిలబడి పాడతాడు, గొంతు పోయినాయన నడుమ పెదవులు కదుపుతాడు! 1941 డిసెంబరులో న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపెరాలో లోట్టె లేమన్‌కు ఒంట్లో బాగాలేదని ఆస్ట్రిడ్ వార్నే అనే 23 ఏళ్ళ పిల్లను దింపారు, రిహార్సల్ లేకుండా. ఆరు రోజులకు అదే నాటకంలో ఇంకొకామె రాలేకపోతే ఆ వేషమూ తనే వేసింది.

గండికోట: మన లెక్కన ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు ఒక్కరే వేసినట్టు.

అనంతపురం ఎండ: మిలాన్‌లో 2006లో ఐడా అనే ఒపెరా ఆడుతుంటే, హీరోను జనం గేలిచేశారని అతను విసవిసా లోపలికి పోయాడు. వెనకున్న పలోంబి అనే ఆయన్ను మామూలు బట్టల్లోనే నెట్టారు. మన దాంట్లో ప్యాంటు మీద కృష్ణుణ్ణి ఊహించండి! సరే, తెలుగులో దీనికి మాట ఏది? 'మారువేషం' అందామంటే అర్థం మారిపోయె.

ఆదోని అత్త: బదులు వేషం.

తాడిపత్రి అన్న: సురభి నాటకాలవాళ్ళకు మాటే అక్కర్లేదు. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన కుటుంబాలు. ఇంట్లో పిల్లల దగ్గర్నుంచి అందరికీ అందరి పోర్షన్లూ నోటికి వచ్చు. ఒకరు మంచం పడితే ఇంకొకరు లేస్తారు.

పొద్దుటూరు పంతులు: మన జిల్లాలో అసలు బదులు వేషం శ్రీరాముడిది! "అల వైకుంఠపురంబులో" అని ఎత్తుకుని పోతన ఆగిపోయి బయటికి వెళితే, పోతన రూపంలో వచ్చి పద్యం పూర్తిచేసి పోయాడని కథ కదా. ఆ కోదండరాముడు మా ఒంటిమిట్టలోనే ఉన్నాడు.

గండికోట: పోతన మావాడే అనే బమ్మెరవాళ్ళు చూస్తున్నారు పంతులుగారూ.

పొద్దుటూరు పంతులు: చూడనీ. ఎక్కడివాడైనా పోతన పోతనే. ఆ మత్తేభం నడక వినండి, 'ఆ మూల సౌధంబు దాపల' అన్నచోట మేడ చుట్టూ తిప్పి తీసుకుపోతున్నట్టు ఉంటుంది. పద్యం చెప్పడం తెలిసినవాడు అక్కడ రాగం తీయడు...

హంద్రీ ఒడ్డు: పోతన చాలు మహాప్రభో! నా యొ?

తాడిపత్రి అన్న: లాగాల్సిందే.

పొద్దుటూరు పంతులు: లాగకూడదు.

హంద్రీ ఒడ్డు: ఆనాటి హార్మోనిస్టు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నాడు, చెవి కొంచెం దూరం. రేపు పోతున్నా, ఆయన్నే అడుగుతా.

ఆదోని అత్త: రేపు అనకు. ఎల్లి పోతున్నా అను.