సాంక్షన్ అంటే ఇవ్వడమా, ఆపడమా?

ప్రశ్న

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఈమధ్య రోజూ కాసేపు ఇంగ్లీషు పేపరు చదివిస్తున్నాను. నిన్న రష్యా వార్తలో ‘సాంక్షన్డ్ బ్యాంక్స్’ అని కనబడితే, “అమ్మా, అంటే మన ఇంటి లోన్ సాంక్షన్ చేసిన బ్యాంకులాంటివా?” అన్నాడు. నవ్వొచ్చింది గానీ, తీరా చెప్పబోతే నాకూ జవాబు రాలేదు. లోన్ సాంక్షన్ అయితే స్వీట్లు పంచుతాం. దేశం మీద సాంక్షన్స్ పడితే అక్కడివాళ్లకి చుక్కలు కనబడతాయి. ఒకే మాటకి ఇంత తేడా ఏమిటి మాస్టారూ? డిక్షనరీ రెండర్థాలూ పక్కపక్కనే రాసి ఊరుకుంది.

జవాబు

పిల్లాడు పట్టుకున్నది చిన్న విషయం కాదమ్మా. నేను క్లాసులో చాలాకాలం దీన్ని ‘రెండు వేరు వేరు మాటలనుకో, గొడవ వదిలిపోతుంది’ అని దాటేశాను. అది తప్పు. రెండూ ఒకే మాట.

లాటిన్‌లో సాంకీరె అనే క్రియ ఉంది. పవిత్రం చెయ్యడం, ఇక తిరుగులేదన్నట్టు శాసించడం అని దానర్థం. సెయింట్, శాంక్చువరీ కూడా ఆ ఇంటివే. రోమన్లు చట్టం రాసేటప్పుడు, దాన్ని మీరితే ఏమవుతుందో చెప్పే భాగాన్ని సాంక్షియో అనేవారు. శాసనానికి బలం ఇచ్చేది ఆ భాగమే. కాబట్టి అధికారముద్ర, శిక్ష అనే రెండూ మొదటినుంచీ ఒకే కొమ్మకి ఉన్నాయి.

ఇంగ్లీషులోకి వచ్చాక, 18వ శతాబ్దానికి ‘పైవాళ్ల ఆమోదం’ అనే అర్థం స్థిరపడింది. మన ఆఫీసుల్లోకి దిగింది అదే. దేశాల మీద వేసే సాంక్షన్స్ వాడుక దానికంటే చాలా కొత్తది, మొదటి ప్రపంచయుద్ధం తరవాత బలపడింది. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దండెత్తినప్పుడు నానాజాతి సమితి (ఐక్యరాజ్యసమితికి ముందున్న సంస్థ) ఇటలీ మీద సాంక్షన్స్ పెట్టింది. అందులో చమురు లేదు, యుద్ధమూ ఆగలేదు. కానీ మాట మాత్రం పత్రికల్లో పాతుకుపోయింది. మనకి బాగా తెలిసినది 1998 మేలో పోఖ్రాన్ పరీక్షల తరవాత అమెరికా మన మీద పెట్టినవి. తమాషా ఏమిటంటే, ఇప్పుడు భద్రతామండలి ఈ పనికి ఆధారం చేసుకునే ఐక్యరాజ్యసమితి చార్టర్ 41వ అధికరణంలో సాంక్షన్ అన్న మాటే లేదు. ‘చర్యలు’ అని ఉంటుంది, అంతే.

జవాబు

మాస్టారు గారూ, నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. మీరు చెప్పింది మా సాంక్షన్ లెటర్లోనే కనబడుతుందండీ. మొదటి పేజీలో ఇంత మొత్తం మంజూరు చేశాం అని ఉంటుంది. తిప్పితే మిగతా అంతా షరతులే. కిస్తీ తప్పితే ఇంత, కాగితాలు ఇవ్వకపోతే అంత. కస్టమర్లు మొదటి పేజీ చదివి సంతోషంగా సంతకం పెట్టేస్తారు. వారం తరవాత వచ్చి “సాంక్షన్ అయిందన్నారు, డబ్బు పడలేదేం?” అంటారు. సాంక్షన్ వేరు, డిస్బర్స్‌మెంట్, అంటే డబ్బు చేతికివ్వడం వేరు అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టేది.

జవాబు

ఇంత చరిత్ర ఎందుకండీ? ఏకవచనమైతే అనుమతి, బహువచనమైతే శిక్ష. పిల్లలకి అది చాలు.

జవాబు

చాలదు తమ్ముడూ. సగం దూరం తీసుకెళ్లి వదిలేస్తుంది. కోర్టు ఒక లాయరుకి ‘ఎ సాంక్షన్’ విధించింది అంటే ఏకవచనమే, కానీ శిక్ష. పక్కన ఏ మాట ఉందో చూడడం కాస్త నయం. ‘ఆన్’ గానీ ‘అగెయిన్‌స్ట్’ గానీ ఉంటే దెబ్బ. ‘ఫర్’ ఉంటే సాధారణంగా అనుమతి. అసలు చిక్కు క్రియతోనే. ‘బోర్డు ఆ క్లబ్బును సాంక్షన్ చేసింది’ అన్న వాక్యం ఇంగ్లీషులో విడిగా చదివితే గుర్తింపు ఇచ్చిందో జరిమానా వేసిందో దేవుడికే తెలియాలి. ముందూ వెనకా చదవాల్సిందే. ‘సాంక్షన్డ్’ కూడా అంతే. 2021లో తెలంగాణ హైకోర్టు సాంక్షన్డ్ స్ట్రెంత్ 24 నుంచి 42కి పెరిగిందంటే అన్ని జడ్జి పోస్టులకి ఆమోదం ఉందని. అదే మాట బ్యాంకు ముందు పెట్టి రష్యా వార్తలో రాస్తే ఆంక్షలు పడిన బ్యాంకు.

ఇంకో చోట రెండూ కలిసిపోతాయి చూడండి. ప్రభుత్వోద్యోగి మీద అవినీతి కేసు నడపాలంటే ముందు ప్రభుత్వం ‘ప్రాసిక్యూషన్ సాంక్షన్’ ఇవ్వాలి. అక్కడ సాంక్షన్ అంటే అనుమతే. దేనికి అనుమతి? శిక్షకి దారితీసే పనికి.

జవాబు

ఇంగ్లీషుని ఆడిపోసుకుంటున్నాం గానీ, మనింట్లో మాత్రం? బియ్యం నిండుకున్నాయి అంటాం. డబ్బా ఖాళీ! ‘నిండు’ అంటే నిండుగా ఉండడం కదా. ఇంట్లో ‘అయిపోయాయి’ అనడం అశుభమని మా అమ్మమ్మ ఆ మాట ఎప్పుడూ అనేది కాదు. బెంగుళూరులో పెరిగిన మా కోడలు మొదట్లో “నిండుకున్నాయా, అయితే కొనక్కర్లేదు” అనుకుని ఊరుకుంది. ఆ పూట మాకు ఉప్మాయే గతి.

జవాబు

బాగా గుర్తు చేశారక్కా. అయితే తేడా ఒకటుంది. నిండుకోవడం అపశకునం పలక్కూడదని మనం తిప్పి చెప్పుకున్న మాట. సాంక్షన్‌ని ఎవరూ తిప్పలేదు. చట్టం ఇచ్చే చెయ్యీ కొట్టే చెయ్యీ ఒకటే కాబట్టి అలా మిగిలింది. తెలుగులో రాసేవాళ్లకి మాత్రం ఇబ్బంది లేదు, మంజూరు ఒకటి, ఆంక్షలు ఒకటి విడివిడిగా ఉన్నాయి. వాక్యం చదవకుండా మాటకి మాట వేసేస్తేనే ప్రమాదం. ఆమధ్య ఒక తెలుగు వార్తలో ‘అమెరికా మంజూరు చేసిన రష్యా నౌకలు’ అని చదివాను. రెండుసార్లు చదివాక గానీ అర్థం కాలేదు.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, మావాడికి చదివి వినిపించాను. “అయితే నాన్నని అడుగు, మన లెటర్ రెండో పేజీ చదివాడేమో” అన్నాడు. చదవలేదట. ఇప్పుడు బీరువాలో వెతుకుతున్నారు.