ఆయన కువైట్‌లో, పిల్లాడు ఏటిగట్టు మీద... ఎలా కనిపెట్టుకోవాలండి?

రాజోలు అమ్మ:
నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఆయన కువైట్‌లో ఉంటారు, ఇంట్లో నేనూ, అత్తగారూ, మా వాడూ. వాడికి పదహారు, ఇంటర్ ఫస్టియర్. సాయంత్రం కాలేజీ బస్సు దిగడం, సంచి అరుగు మీద పడేయడం, వాళ్ల నాన్న బండి తాళం తీసుకుని పోవడం. ఎక్కడికిరా అంటే "ఏటిగట్టు మీదకే" అంటాడు, వచ్చేసరికి తొమ్మిది. మొన్న చొక్కా ఉతుకుతుంటే సిగరెట్ వాసన. సంక్రాంతికి బరుల దగ్గర గుండాటలో డబ్బులు పెట్టాడని పక్కింటావిడ చెబితే తెలిసింది. ఇప్పుడు ఫోన్ లాక్ కూడా మార్చేశాడు. వాడికి తెలియకుండా ఫోన్‌లో ఏదో యాప్ పెడదామంటున్నాడు మా తమ్ముడు. ఆయనకి చెబితే వీడియో కాల్‌లోనే కేకలేస్తారు, చెప్పకపోతే దాచానంటారు. ఒకటే టెన్షన్.

పాలకొల్లు మాస్టారు:
యాప్ వద్దమ్మా. రెండో రోజుకే పట్టేస్తాడు, ఆ తర్వాత మీకు ఏ మాటా చెప్పడు. 2000లో స్వీడన్‌లో స్టాటిన్, కెర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే తేల్చారు, పిల్లల సంగతులు పెద్దవాళ్లకు తెలిసేది ఎక్కువగా పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లేనని, కాపలా కాయడం వల్ల కాదని. అలాగని అడగడం మానేయకండి. ఎవరితో, ఎక్కడికి, ఎన్నింటికి వస్తావు, ఇవి రోజూ అడగండి, కాకపోతే గుమ్మంలో పోలీసులా కాదు, అన్నం వడ్డిస్తూ. వాడి స్నేహితుల్ని ఓ ఆదివారం చేపల పులుసుకి పిలవండి. పులసే అక్కర్లేదు, పుస్తెలమ్ముకోవాలి, కొరమీను చాలు. ఎవడెవడితో తిరుగుతున్నాడో మీ వంటింట్లోనే తెలుస్తుంది.

రావులపాలెం బుల్లియ్య:
మాటలు తర్వాత, ముందు తాళం తీసి దాచండి అక్కా. పదహారేళ్లకి గేర్లు లేని 50 సీసీ లోపు బండికే లైసెన్సు ఇస్తారు. 2019లో చట్టం మార్చాక మైనర్ బండితో దొరికితే కేసు తల్లిదండ్రుల మీదో, బండి ఎవరి పేరున ఉందో వాళ్ల మీదో, 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు, పైగా వాడికి 25 ఏళ్లొచ్చే వరకు లైసెన్సు రాదు. చీకట్లో గట్టు మీద ఇసుక ట్రాక్టర్లు ఎలా వస్తాయో మీకు నేను చెప్పాలా?

లంక కుర్రాడు:
అత్తా, నేనూ ఆ బాపతే. మా నాన్న మస్కట్. అమ్మ తిట్లు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాణ్ణి. మా మావయ్య మాత్రం ఒక మాటన్నాడు: "ఎక్కడ ఇరుక్కున్నా, అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకొస్తా, ఆ రాత్రి ఏమీ అడగను." ఒకసారి నరసాపురంలో బండి నడపాల్సినవాడు తాగేశాడు, వెంటనే చేశాను, వచ్చాడు. పొద్దున అడిగాడు లెండి, బాగానే అడిగాడు. మీ తమ్ముడికి యాప్ బదులు ఈ పని అప్పజెప్పండి. ఇంకోటి, గుండాట అలవాటైతే తర్వాత ఫోన్‌లో డబ్బుల ఆటలే. 2025లో కేంద్రం వాటిని నిషేధించింది కానీ మీ యూపీఐ పిన్ వాడికి తెలుసేమో ముందు చూసుకోండి.

రాజోలు అమ్మ:
పిన్ వాడికి తెలుసండి, నాకు అది పెట్టిందే వాడు! ఇప్పుడే మార్చాను. తాళం బియ్యం డబ్బాలో. రెండ్రోజులు మాట్లాడలేదు, నిన్న సైకిల్‌కి గాలి కొట్టించమన్నాడు. ఆదివారం నలుగురొస్తారట, అందులో ఒకడు గోదారొడ్డున పుట్టి చేప తినడట, వాడికి గుడ్లు వండాలి.