పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి: నమ్మదగినదో కాదో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న

వాడిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఒకటి కొనాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. రోజువారీ ప్రయాణం ఎక్కువగా తారు రోడ్డు మీదే సాగుతుంది గానీ, ఇంటికి చేరే చివరి దారి మాత్రం మట్టిది, బాగా ఏటవాలుగా ఉంటుంది. వానలు పడ్డాయంటే మామూలు కారు చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగి బురదలోకి దిగబడిపోతాయి. అప్పుడప్పుడు ఆ దారిలోనే బరువున్న ట్రైలర్‌ను లాగవలసి వస్తుంది. పిల్లలూ పెద్దవాళ్లూ ఎక్కే బండి కాబట్టి దారి మధ్యలో ఆగిపోకుండా ఉండటమే నాకు అన్నిటికంటే ముఖ్యం.

ప్రకటనల్లో ఒకరు ఫోర్ వీల్ డ్రైవ్ అంటారు, ఒకరు ఆల్ వీల్ డ్రైవ్ అంటారు, మరొకరు ఫుల్ టైమ్ అంటారు. నా అవసరానికి వీటిలో ఏది సరిపోతుంది? తక్కువ కిలోమీటర్లు తిరిగినా సర్వీసు కాగితాలేవీ లేని బండి, బాగా తిరిగినా ప్రతి సర్వీసుకూ రసీదు ఉన్న బండి, ఈ రెంటిలో దేనిని నమ్మాలి? మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లే ముందు నేనే స్వయంగా చూడగలిగినవి ఏమైనా ఉన్నాయా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1

మీ మొదటి ప్రశ్న తేలితే వెతకవలసిన బండ్ల సంఖ్య సగానికి పైగా తగ్గిపోతుంది కాబట్టి దాని గురించే చెబుతాను.

పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండిని మామూలుగా వెనుక చక్రాలే నడుపుతాయి. డ్రైవరు లీవరు మార్చినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు వెనుక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ముందు షాఫ్టునూ వెనుక షాఫ్టునూ ఒకదానితో ఒకటి బిగించేస్తుంది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం వెళ్లాలి. బురదలోనైతే చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద అలా జారే వీలు లేక ఒత్తిడంతా షాఫ్టుల మీదా గేర్ల మీదా పడుతుంది కాబట్టి ఈ రకం బండిని అక్కడ ఫోర్ వీల్‌లో నడపకూడదు. 1998 నుంచి 2018 వరకు తయారైన సుజుకి జిమ్నీ, టయోటా 70 సిరీస్ ల్యాండ్ క్రూయిజర్లలో అత్యధిక భాగం ఈ తరహావే.

ఫుల్ టైమ్ బండిలో ముందు వెనుకల మధ్య ఇంకొక డిఫరెన్షియల్ (రెండువైపులా వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉంటుంది. దాని వల్ల నాలుగు చక్రాలకూ ఎల్లప్పుడూ శక్తి అందుతున్నా తారు రోడ్డు మీద ఇబ్బంది ఉండదు. బురద వచ్చినప్పుడు ఆ డిఫరెన్షియల్‌ను లాక్ చేసుకుంటారు. 1983లో వచ్చిన ల్యాండ్ రోవర్ వన్ టెన్, దాని తర్వాతి డిఫెండర్లు ఇలా పనిచేస్తాయి. మిత్సుబిషి పజేరోలో వచ్చిన సూపర్ సెలెక్ట్ పద్ధతి రెంటినీ కలుపుతుంది. అందులో వెనుక చక్రాలతో మాత్రమే నడపవచ్చు, నాలుగింటితో తారు రోడ్డు మీద కూడా వెళ్లవచ్చు, అవసరమైతే లాక్ చేసుకోవచ్చు.

ఆల్ వీల్ డ్రైవ్ పేరుతో అమ్మే చాలా కార్లలో అసలు పని ముందు చక్రాలది. అవి జారడం మొదలయ్యాక ఒక క్లచ్చో, చిక్కటి ద్రవంతో పనిచేసే విస్కస్ కప్లింగో కొంత శక్తిని వెనక్కి పంపుతుంది. తడి రోడ్డు మీద ఇది చక్కగా పనిచేస్తుంది. ట్రైలర్ తగిలించుకుని బురద ఎత్తు మీద నెమ్మదిగా, చాలాసేపు లాగిస్తే మాత్రం ఆ క్లచ్ వేడెక్కి చేతులెత్తేస్తుంది. పైగా వీటిలో చాలావాటికి లో రేంజ్, అంటే వేగం తగ్గించి బలం పెంచే అదనపు గేరు జత, ఉండదు.

మీ విషయంలో నిర్ణయించేది ఈ లో రేంజే అని నా గట్టి అభిప్రాయం. ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని ఆ రెండవ గేరు జత చక్రానికి చేరే బలాన్ని చాలా బండ్లలో రెండు నుంచి రెండున్నర రెట్ల వరకు పెంచుతుంది, జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ఏకంగా నాలుగు రెట్లు చేస్తుంది. అందరూ ఎక్కడం గురించే ఆలోచిస్తారు గానీ, ట్రైలర్‌తో తడి మట్టి ఏటవాలు దిగడం అంతకంటే ప్రమాదకరం. బ్రేకు నొక్కితే చక్రాలు బిగుసుకుని బండి జారిపోతుంది. లో రేంజ్ మొదటి గేరులో వేసి బ్రేకు జోలికి పోకుండా వదిలితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. అందువల్ల పార్ట్ టైమా ఫుల్ టైమా అన్నది మీ ఇష్టం, లో రేంజ్ లేని బండిని మాత్రం చూడనే చూడవద్దు.

జవాబు 2

నేను వర్క్‌షాపులో ఎక్కువగా ఈ తరహా బండ్ల మీదే పనిచేస్తాను కాబట్టి మిగిలిన రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంత చెబుతాను.

కాగితాలు ఉన్న బండినే ఎంచుకోండి, ఎక్కువ తిరిగినా పరవాలేదు. కిలోమీటర్ల మీటరు ఎంత దూరం తిరిగిందో చెబుతుంది గానీ, ఆ దూరంలో ఎంత భాగం బురదలో, నీళ్లలో, లో రేంజ్‌లో సాగిందో చెప్పదు. రసీదులు తిరగేసేటప్పుడు ఇంజిన్ ఆయిల్‌తో ఆగిపోకండి. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు డిఫరెన్షియల్, వెనుక డిఫరెన్షియల్, ఈ నాలుగింటి ఆయిల్ ఎప్పుడు మార్చారో రాసి ఉన్న బండి శ్రద్ధగా చూసుకున్న యజమానిది. ఇంజిన్ వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్ట్ సంగతి కూడా అడగండి. టయోటా 1హెచ్‌జెడ్, మిత్సుబిషి 4డి56 వంటి పేరున్న డీజిల్ ఇంజిన్లలో ఉన్నది బెల్టే. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పాడవుతుంది. మార్చినట్టు రుజువు లేకపోతే మార్చలేదనే లెక్కవేసుకోవాలి.

ఇక మీరు స్వయంగా చూడగలిగినవి. మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని అమ్మేవారికి ముందే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. చల్లని ఇంజిన్ స్టార్టయ్యే తీరులో దాని ఆరోగ్యం బయటపడుతుంది. నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ మండుతున్నట్టు. ఇంజిన్ వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ దట్టంగా వస్తుంటే హెడ్ గాస్కెట్‌నో (ఇంజిన్ పైభాగం అతుకు దగ్గర లీకు కాకుండా ఉంచే పొర), డీజిల్ ఇంజిన్లో ఇంజెక్టర్లనో అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసినప్పుడు గాలి బలంగా తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగాయని అనుకోవచ్చు. రేడియేటర్ మూతను మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండిలో గేర్‌బాక్స్ ఆయిల్ పాలు కలిసిన గులాబీరంగులో కనిపిస్తే రేడియేటర్ లోపలి కూలర్ పగిలి నీళ్లు గేర్‌బాక్స్‌లోకి చేరాయని అర్థం. అటువంటి బండిని అక్కడే వదిలేసి రండి.

అన్నిటికంటే ఎక్కువ సమయం బండి కింద గడపండి. వేడిగా ఉన్న యాక్సిల్ ఒక్కసారిగా చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. యాక్సిల్‌లోకి గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టం మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీళ్ల గుండా నీళ్లు లోపలికి లాగబడతాయి. డిఫరెన్షియల్ పక్కనున్న ఫిల్లర్ ప్లగ్ విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిల్ తెల్లగా చిలికినట్టు ఉంటే ఆ బండి లోతు నీళ్లలోకి దిగింది, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. దీనికి కావలసింది ఒక స్పానర్, అమ్మేవారి అనుమతి మాత్రమే. ముందువైపు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న 80 సిరీస్ ల్యాండ్ క్రూయిజర్, పాత నిస్సాన్ పెట్రోల్ వంటి బండ్లలో చక్రం వెనుకనున్న గుండ్రటి నకిల్ (చక్రం పక్కకు తిరిగే కీలు) మీద నల్లటి పలుచని జిడ్డు కారుతుంటే లోపలి సీలు పోయి డిఫరెన్షియల్ ఆయిల్ గ్రీజుతో కలుస్తున్నట్టు. బాగుచేయగలిగిన లోపమే గానీ, ధర మాట్లాడేటప్పుడు దీన్ని తప్పక లెక్కలోకి తీసుకోవాలి.

ఛాసిస్ తుప్పు విషయంలో రాజీ వద్దు. ఇంజిన్ మార్చవచ్చు, గేర్‌బాక్స్ మార్చవచ్చు, తుప్పు తిన్న ఛాసిస్‌ను నమ్మి ఇంటివాళ్లను ఎక్కించకూడదు. కమాన్ పట్టీలు తగిలించే చోట్లు, వెనుక చివరి అడ్డదూలం, బురద పేరుకునే పైభాగం, ఈ చోట్లను చిన్న సుత్తితో కొట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తినేసినది మందంగా మోగుతుంది. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ రేకులు చాలావరకు అల్యూమినియంవి కావడంతో పైకి బండి కొత్తగా మెరుస్తూనే ఉంటుంది, కింద ఉక్కు ఛాసిస్ మాత్రం కరిగిపోయి ఉండవచ్చు.

నడిపి చూసేటప్పుడు ఫోర్ వీల్ వేయకుండా రాకండి. చాలామంది యజమానులు ఏళ్ల తరబడి ఆ లీవరును ముట్టుకోరు, దాంతో లింకేజీలూ హబ్బులూ బిగుసుకుపోతాయి. కంకర దారి మీద ఫోర్ వీల్ వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా ముందుకు పోనివ్వండి. పార్ట్ టైమ్ బండి నిజంగా ఫోర్ వీల్‌లోకి వచ్చి ఉంటే బిగపట్టినట్టు, ఎవరో వెనక్కి లాగుతున్నట్టు అనిపించాలి. ఏమీ తేడా తెలియకపోతే డాష్‌బోర్డు మీద దీపం వెలిగినా నమ్మకండి. లో రేంజ్‌ను బండి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి వేయాలి. ముందుకూ వెనక్కూ గేరు మార్చినప్పుడు కింద నుంచి ఠక్కుమని శబ్దం వస్తే యాక్సిళ్లకు శక్తి చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లను చేత్తో పట్టి కదిపి చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. లో రేంజ్ ఉన్న బండ్లనే చూడాలని నిర్ణయించుకున్నాను. వాటిలో ఒకటి నచ్చింది గానీ, దాని ఎత్తు పెంచారు, టైర్లు కంపెనీ ఇచ్చిన వాటికంటే పెద్దవి, ముందు వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) కూడా ఉంది. అడుగుభాగమంతా ఈమధ్యే నల్లరంగు వేసినట్టు కనిపించింది. తుప్పు పట్టకుండా వేయించానని యజమాని అన్నారు. ఇటువంటి బండిని చూడవచ్చా, లేక మొదటే వదిలేయాలా?

జవాబు 3

మార్పులు చేసిన బండి అన్నంత మాత్రాన వదిలేయనక్కరలేదు. శ్రద్ధతో, మంచి విడిభాగాలతో చేయించుకున్నవారూ ఉంటారు. అయితే వించి అమర్చిన బండి ఇరుక్కునే చోట్లకు వెళ్లిందనే అనుకోవాలి.

పెద్ద టైర్ల గురించి చాలామంది గమనించని విషయం ఒకటి చెబుతాను. టైరు చుట్టుకొలత పెరిగితే చక్రం తక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి, మీటరును సరిచేయకపోతే అది అసలు దూరం కంటే తక్కువ చూపిస్తుంది. 29 అంగుళాల టైరు స్థానంలో 32 అంగుళాలది వేస్తే తేడా సుమారు 10 శాతం. అంటే ఆ టైర్లతో మీటరు 1,00,000 కిలోమీటర్లు చూపిస్తే బండి నిజానికి 1,10,000 తిరిగినట్టు. దానితోపాటు చక్రాల బేరింగుల మీద, స్టీరింగ్ జాయింట్ల మీద, బ్రేకుల మీద అదనపు భారం పడుతుంది. ఎత్తు పెంచినప్పుడు షాఫ్టులు ఏటవాలు కోణంలో తిరగవలసి వస్తుంది, ముందు చక్రాలు పక్కకు తిరిగినా వాటికి శక్తి అందించే సీవీ జాయింట్లు త్వరగా అరుగుతాయి. ఖాళీ స్థలంలో స్టీరింగ్‌ను ఒకవైపు చివరికంటా తిప్పి మెల్లగా నడిపితే టకటకమనే శబ్దం వస్తుందేమో వినండి. బ్రేకు గొట్టాలు సాగి బిగుతుగా ఉన్నాయేమో కూడా కింద నుంచి చూడాలి.

కొత్త నల్లరంగే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తోంది. తుప్పును గీకి, శుభ్రం చేసి, వేసే ముందు ఫొటోలు తీసి ఉంచినవారైతే వాటిని సంతోషంగా చూపిస్తారు. ఫొటోలు లేకపోతే ఛాసిస్‌కు ఉండే రంధ్రాల గుండా టార్చి వేసి లోపల చూడండి. రంగు పైకే వేయగలరు, లోపలి పొలుసులు అలాగే ఉంటాయి. ఛాసిస్ మీద చెక్కిన నంబరు రంగు కింద స్పష్టంగా కనిపించాలి, కాగితాల్లోని నంబరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఆ చోట గీకిన గుర్తులో, వెల్డింగో కనిపిస్తే ధర ఎంత తక్కువైనా ఆ బండి వద్దు.

జవాబు 1 రాసినవారు

పై జవాబుల్లో చెప్పినవన్నీ చూశాక కూడా, బండిని వర్క్‌షాపులో లిఫ్ట్ ఎక్కించి చూపించడానికి అమ్మేవారు ఒప్పుకోవాలని షరతు పెట్టండి. ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి. మీ దగ్గరున్న మొత్తమంతా కొనడానికే ఖర్చు పెట్టవద్దు. కొన్న వెంటనే అన్ని ఆయిళ్లూ, కూలెంట్, బ్రేకు ద్రవం, బెల్టులు మార్చుకోవడానికి కొంత విడిగా ఉంచుకోండి. విడిభాగాలు మీకు తేలికగా దొరికే మోడల్‌నే ఎంచుకోండి. ఎంత గట్టి బండి అయినా చిన్న సీలు కోసం నెలల తరబడి ఎదురుచూడవలసి వస్తే అది మీకు నమ్మదగిన బండి కాదు.

ఇంకొక జాగ్రత్త చెప్పడం మరిచాము. మీరే జాకీ వేసి చక్రం లేపి చూడాలనుకుంటే, పాత ల్యాండ్ రోవర్లలోనూ పాత డిఫెండర్లలోనూ హ్యాండ్ బ్రేకు చక్రాల మీద కాక ట్రాన్స్‌ఫర్ కేస్ వెనుక షాఫ్ట్ మీద పనిచేస్తుందని గుర్తుంచుకోండి. ఒక వెనుక చక్రం గాలిలోకి లేవగానే డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం స్వేచ్ఛగా తిరిగి, హ్యాండ్ బ్రేకు వేసి ఉన్నా బండి కదిలిపోగలదు. ఏ బండి అయినా సరే, నేల మీదున్న చక్రాలకు రెండువైపులా దిమ్మెలు పెట్టి, స్టాండు వేయనిదే కిందికి దూరవద్దు.