రజాకార్లు చేసింది మతమా, రాజకీయమా?

మలక్‌పేట మాస్టారు – రాత్రి 9:10
హైదరాబాద్ భారత్‌ల కలిసిన సెప్టెంబర్ 17 దగ్గర పడితే మా ఇరానీ హోటల్ల ఇదే లొల్లి. ఒకరు విమోచన అంటరు, ఒకరు సమైక్యత అంటరు, సర్కారు ఇప్పుడు ప్రజాపాలన అంటున్నది. నిన్న మా కాలనీ పెద్దమనిషి ఒకాయన, "రజాకార్లది జిహాదే, వాళ్ల కితాబుల ఉన్నదే చేసిండ్రు" అన్నడు. పక్క టేబుల్ మీద మా దర్జీ సాబ్ ఉన్నడు. చాయ్ సగంల వదిలేసి లేచి పోయిండు. ముప్పై ఏండ్ల నుంచి నా బట్టలు ఆయనే కుడుతున్నడు. అప్పుడు నాకు నోరు రాలే, అందుకే ఇక్కడ అడుగుతున్న. ఇస్లాం మూల సూత్రాలకూ రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ రాజకీయానికీ లంకె ఉందా? తిట్లు వద్దు, తెలిసింది చెప్పుండ్రి.

నల్లగొండ పోరడు – 9:24
మా తాత రెండు రాత్రులు జొన్నచేన్ల దాక్కున్నడు. ఇల్లు కాలబెట్టేటోడు ఖురాన్ చదివి వచ్చిండా, చదవక వచ్చిండా అని ఆయన అడిగిండా సార్? బైరాన్‌పల్లిల 1948 ఆగస్టు 27న వరుసల నిలబెట్టి కాల్చిండ్రు. "మతానికి సంబంధం లేదు" అని ఎవరన్న అంటే మా ఊర్ల నవ్వుతరు.

బార్కస్ వాసి – 9:51
తమ్ముడూ, మీ తాత బాధను తూచడానికి నేనెవరిని? దానికి జవాబు లేదు. కానీ మాస్టారు అడిగింది వేరే ప్రశ్న.

రజాకార్ల వెనకున్న పార్టీ మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1927లో పుట్టింది. 1938లో బహాదుర్ యార్ జంగ్ అధ్యక్షుడయ్యాక దాని సిద్ధాంతం గట్టిపడింది: రాజ్యాధికారం ముస్లిం సమాజానిది, నిజాం సింహాసనం దానికి గుర్తు మాత్రమే. దాన్నే జనం నోట్లో "అనల్ మాలిక్" అన్నారు, అంటే "నేనే ప్రభువును". కూలి చేసుకునే ముస్లిం కూడా తాను పాలకుడినని అనుకోవాలి, అదీ ఎత్తు.

ఇప్పుడు మా నమాజు చూడండి. రోజుకు ఐదు పూటలు కలిపి తప్పనిసరి (ఫర్జ్) రకాతులు, అంటే నమాజు ఆవృత్తులు, 17. ప్రతి రకాతులో ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా సూరా ఉంటుంది, అందులో "మాలికి యౌమిద్దీన్" అని వస్తుంది, తీర్పు దినానికి మాలిక్ అల్లా అని. రోజుకు పదిహేడు సార్లు "మాలిక్ నువ్వే" అని నుదురు నేలకు ఆనించే మనిషి బయటికొచ్చి "మాలిక్ నేనే" అంటే దాన్ని ఏమనాలి? ఇస్లాంలో మొదటి మాటే తౌహీద్, దేవుడొక్కడే అని. ఆ నినాదం నేరుగా దానికే తగులుతుంది. రజాకార్లు మతం ఎక్కువై చెడలేదు, మతాన్ని జాతి జెండాగా మార్చి చెడ్డారు. నా మాట ఇదే.

జిహాద్ అంటే అసలు అర్థం పాటుపడటం. యుద్ధం అర్థంలో తీసుకున్నా ఫిఖ్‌లో, అంటే మా ధర్మశాస్త్రంలో, షరతులున్నాయి: పాలకుడు ప్రకటించాలి, ఆడవాళ్లనూ పిల్లలనూ ముట్టకూడదు. రజాకార్ అంటే వలంటీర్, అంతే.

లెక్క తేలాలి – 10:15
చక్కగా చెప్పారు, కానీ మరీ చక్కగా ఉంది. ఇస్లాంలో రాజకీయం బయటినుంచి వచ్చి అంటుకున్న బురదా? 622లో మదీనాకు వలస వెళ్లిన ప్రవక్త అక్కడ పాలన కూడా చేశారు. మన నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్‌లో 1903లో పుట్టిన మౌదూదీ ఏమన్నారు? అధికారం అల్లాదే కాబట్టి చట్టమూ అల్లాదే కావాలన్నారు. అంటే మీరు చూపిన ఆ తౌహీద్ నుంచే ఆయన రాజ్యాన్ని లాగారు. 1941లో లాహోర్‌లో జమాతే ఇస్లామీ పెట్టారు. ఈజిప్టులో హసన్ అల్ బన్నా 1928లోనే ముస్లిం బ్రదర్‌హుడ్ మొదలుపెట్టారు. వీళ్లెవరికీ ఫాతిహా రాదంటారా?

బార్కస్ వాసి – 10:40
వచ్చు. అందుకే రెంటినీ ఒకే సంచిలో వేయొద్దంటున్నా. "అధికారం అల్లాది" అనేది మౌదూదీ, "అధికారం ముస్లింలది" అనేది ఇత్తెహాదుల్. మొదటిది మతరాజ్యం, రెండోది జాతివాదం. మౌదూదీ ముస్లిం లీగ్ జాతివాదాన్నే తప్పుపట్టారు. ఆయన మాట నాకూ నచ్చదు, అది వేరే సంగతి.

అదే ఖురాన్ చదివిన దేవ్‌బంద్ మదర్సా పెద్ద హుసేన్ అహ్మద్ మదనీ, హిందువులతో కలిసి ఒకే జాతిగా ఉండొచ్చని 1938లో పుస్తకం రాశారు. మేవాత్‌లో మతబోధ చేసే తబ్లీగ్ వాళ్లు 1926 నుంచి "ముందు నీ నమాజు సరిచేసుకో" అంటూ ఎన్నికల జోలికే పోలేదు. 1926, 1927, 1928: తేదీలు చూశారా? 1924 మార్చి 3న టర్కీ ఖిలాఫత్‌ను, అంటే ఖలీఫా పదవిని, రద్దు చేసింది. పెద్ద గొడుగు ఎగిరిపోతే తలో దిక్కుకు పరిగెత్తారు. ఇవన్నీ ఆ వానలో మొలిచినవే అని నా ఊహ. ఆ చివరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌ను 1931లో మన నిజాం కోడలిగా తెచ్చుకున్నాడు. పురానీ హవేలీ దగ్గర ఆవిడ పేరుతో ఆస్పత్రి ఉంది కదా, ఎవరి పేరో తెలియకుండానే ఓపీ చీటీ తీసుకుంటాం.

దారుల్‌షిఫా గల్లీ – 10:58
ముస్లింలంటే మీకు సున్నీలే కనిపిస్తున్నారు అన్నయ్యా. ఈ ఊరు కట్టిన కుతుబ్‌షాహీలు షియాలు. ప్రవక్త పోయాక ఎవరు నడపాలి అన్నదే మొదటి చీలిక. అది విశ్వాసమా, రాజకీయమా? 680లో ప్రవక్త మనవడు హుసేన్‌ను చంపిన కర్బలా యుద్ధం జరిగినప్పుడు రెండు వైపులా ఉన్నది ముస్లింలే. మేం ఏటా మొహర్రం పదో రోజు అషూరా నాడు బీబీకా ఆలం (పవిత్ర ధ్వజం) వెనక ఏడ్చుకుంటూ నడిచేది గద్దె ఎక్కినవాణ్ని మెచ్చుకోవడానికి కాదు. ఇరాన్‌లో 1979లో ఖొమైనీ "ఫకీహే (ధర్మశాస్త్ర పండితుడే) పాలించాలి" అన్నారు, నజఫ్‌లో పెద్ద ఆయతుల్లా ఖోయీ అది ఒప్పుకోలేదు. విడదీయడం అంత సులువు కాదు, కలిపేయడం ఇంకా తప్పు.

నల్లగొండ పోరడు – 11:06
ఈ పుస్తకాల ముచ్చట బాగనే ఉన్నది. మా ఊరికి వచ్చినోళ్లు మదనీని చదవలే కదా భాయ్.

బార్కస్ వాసి – 11:20
చదవలేదు. కానీ ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే, భారత్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో ఈ ఊరి నడిబొడ్డునే అతన్ని చంపారు. మరి బందగీ? ముస్లిం రైతు, భూమి కోసం కోర్టుకెక్కాడు. అతన్ని చంపించింది విసునూరు దేశ్‌ముఖ్, ఆయన ముస్లిం కాదు. రజాకార్ల బండికి దారి చూపినవాళ్లలో ఊళ్లో దొరలెంతమందో మీ తాతనే అడుగు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చిన పోలీస్ యాక్షన్ తర్వాత మా వాళ్ల ఇళ్లూ కాలాయి. దాని మీద కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు పోయాయని లెక్క చెప్పింది. దానికి హిందూ ధర్మం పేరు పెట్టమని నేను ఎవరినీ అడగలేదు.

నల్లగొండ పోరడు – 11:31
దొరల సంగతి నిజమే. తాత ఆ మాట జెప్తుండె. చేన్లకు అన్నం తెచ్చింది కూడ దూదేకుల సాయిబు భార్యనే అంటుండె. గది నేను ఇంతకుముందు రాయలే.

లెక్క తేలాలి – 11:38
నా అభ్యంతరం అలాగే ఉంది. "అది అసలు ఇస్లాం కాదు" అనడం ప్రతి మతానికీ సులువైన తలుపు. రజ్వీ సభల్లో జనాన్ని లేపింది భూమి శిస్తు లెక్కలతో కాదు, దీన్ (మతం) పేరుతోనే. ఆ పేరు ఎందుకు అంత సులువుగా పనిచేసిందో మీ ఆలిములు (మత పండితులు) చెప్పుకోవాలి.

బార్కస్ వాసి – 11:44
ఒప్పుకుంటున్నా. ఆ ప్రశ్న మాదే.

మలక్‌పేట మాస్టారు – మరుసటి రోజు సాయంత్రం 6:30
కాలర్ మార్చాలని ఒక పాత షర్టు పట్టుకొని దర్జీ సాబ్ దుకాణానికి పోయిన. కాసేపు మిషను తొక్కుతనే ఉన్నడు. తర్వాత, "మాస్టర్ సాబ్, మొన్న మాట్లాడినాయన కొలతలు ఇరవై ఏండ్ల నుంచి నా బుక్కుల ఉన్నయి" అన్నడు. అంతే.

నల్లగొండ పోరడు – 6:41
అనల్ మాలిక్, ఫాతిహా సంగతి చెప్పినవా సార్?

మలక్‌పేట మాస్టారు – 6:45
చెప్పలే. షర్టు శుక్రవారానికి అయితదా అంటే, జుమ్మా ఉంటది, శనివారం రమ్మన్నడు.